కంప్యూటర్ సందేహాలు: ఒకే డిస్కు, రెండు విండోస్‌లు, మారిపోయే డ్రైవ్ అక్షరాలు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిన తర్వాత, పాత సిస్టమ్‌ను వదులుకోలేక దాని పక్కనే లినక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌నో మరో విండోస్‌నో పెట్టుకుంటున్న పాఠకులు ఎక్కువయ్యారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు అలాంటివారివే కావడంతో, డ్రైవ్ అక్షరాలకు, పార్టిషన్లకు (అంటే డిస్కును విడగొట్టిన భాగాలకు) సంబంధించిన ప్రశ్నలనే ఎంచుకున్నాం.

ప్రశ్న: చిక్కడపల్లిలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో చేస్తాం. పాత పనుల కోసం విండోస్ 7ను అలాగే ఉంచి, అదే హార్డ్‌డిస్కులో మరో పార్టిషన్ చేయించి విండోస్ 10 వేయించాను. పేజ్‌మేకర్ రెండింటిలోనూ ఉంది. విండోస్ 7లో డి డ్రైవ్‌గా ఉన్న మా డేటా విండోస్ 10లో ఇ డ్రైవ్‌గా కనిపిస్తోంది. అక్కడ డి డ్రైవ్ తెరిస్తే పాత విండోస్ ఫైళ్లు వస్తున్నాయి. పాత పేజీలు తెరిచినప్పుడల్లా ఫొటోలు దొరకడం లేదని, ఎక్కడున్నాయో చూపించమని అడుగుతోంది. ఇది వైరస్ పని అని, డిస్కు మొత్తం ఫార్మాట్ చేయాలని ఒక మెకానిక్ చెప్పారు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా, ఫార్మాట్ చేయించకండి. మీ డిస్కులో ఏ లోపమూ లేదు, ఇందులో వైరస్ ప్రమేయమూ లేదు. డి, ఇ అనే అక్షరాలు డిస్కు మీద ఎక్కడా రాసి ఉండవు. ప్రతి విండోస్ తనకు కనిపించిన పార్టిషన్లకు తానే అక్షరాలు ఇచ్చుకుని, ఆ జాబితాను తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో, మౌంటెడ్ డివైసెస్ అనే చోట దాచుకుంటుంది. మీ సిస్టమ్‌లో విండోస్ 7 రిజిస్ట్రీ వేరు, విండోస్ 10 రిజిస్ట్రీ వేరు. ఒకదాని జాబితాను రెండోది చూడదు. ఒకే మనిషిని ఒక ఇంట్లో బాబాయి అని, పక్కింట్లో మామయ్య అని పిలిచినంత మాత్రాన మనిషి మారడు కదా, మీ డేటా పార్టిషన్ సంగతీ అంతే.

మీ విషయంలో జరిగింది ఇది. విండోస్ 7 తన పార్టిషన్‌ను సి అని, డేటాను డి అని, కొత్తగా వచ్చిన విండోస్ 10 పార్టిషన్‌ను ఆ తర్వాత ఖాళీగా ఉన్న అక్షరంతో గుర్తించింది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి (అంటే కంప్యూటర్‌ను దానితోనే మొదలుపెట్టి) వేసిన విండోస్ 10 మాత్రం తానున్న చోటినే సి అనుకుని, విండోస్ 7 ఉన్న పార్టిషన్‌కు డి, మీ డేటాకు ఇ కేటాయించింది. ఎక్స్‌పీ రోజుల్లో ఇలా ఉండేది కాదు. రెండో పార్టిషన్‌లో వేసిన ఎక్స్‌పీ తనను తాను డి అనే పిలుచుకునేది, ఆ పద్ధతికి అలవాటుపడిన వారికి ఇప్పటి పద్ధతి గందరగోళంగా కనిపించడం సహజమే.

ఇక ఫొటోల సంగతి. పేజ్‌మేకర్ పెద్ద ఫొటోలను సాధారణంగా పేజీ ఫైలులోకి పూర్తిగా తీసుకోదు, అసలు ఫొటో ఉన్న దారిని మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. డి డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్‌లో ఫలానా ఫొటో అని విండోస్ 7లో ఉన్నప్పుడు రాసుకున్న ఆ దారిని పట్టుకుని విండోస్ 10లో వెళితే, అక్కడ డి డ్రైవ్‌లో ఉన్నది పాత విండోస్ కాబట్టి ఫొటో దొరకదు. అందువల్ల ఒక్కొక్క పేజీని తెరిచి ఒక్కొక్క ఫొటోను చూపించే శ్రమ పెట్టుకోకుండా, విండోస్ 10లో అక్షరాలను సరిచేయడమే తేలిక.

విండోస్ 10లో ఉండగా పేజ్‌మేకర్‌తో సహా అన్ని ప్రోగ్రాములనూ మూసివేసి, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింది భాగంలో డిస్కు మొత్తం గళ్లుగళ్లుగా కనిపిస్తుంది. ముందు విండోస్ 7 ఉన్న గడి మీద, అంటే ఇప్పుడు డి అని ఉన్నదాని మీద, రైట్ క్లిక్ చేసి 'చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్' ఎంచుకుని డబ్ల్యూ లాంటి దూరపు అక్షరం ఇవ్వండి. అలా డి ఖాళీ అయిన తర్వాతే డేటా గడికి ఇ బదులు డి ఇవ్వండి. ఒక అక్షరాన్ని రెండు పార్టిషన్లకు ఇవ్వడం కుదరదు కాబట్టి ఈ వరుస తప్పనిసరి. మధ్యలో కొన్ని ప్రోగ్రాములు పనిచేయకపోవచ్చునని విండోస్ హెచ్చరిస్తుంది. విండోస్ 10లో ఉండగా మీరు ఏ సాఫ్ట్‌వేర్‌నూ ఇ డ్రైవ్‌లోకి ఇన్‌స్టాల్ చేయకపోయి ఉంటే, డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను అక్కడికి మార్చకపోయి ఉంటే, నిర్భయంగా ముందుకు వెళ్లవచ్చు. చేసి ఉంటే మాత్రం ఆ సాఫ్ట్‌వేర్‌ను తీసి మళ్లీ వేసుకోవలసి వస్తుంది. నడుస్తున్న విండోస్ తాలూకు సి అక్షరాన్ని మార్చడం సాధ్యం కాదు, ప్రయత్నించకండి.

ఒకసారి ఇచ్చిన అక్షరం రీస్టార్ట్ చేసినా చెరగదు. పాత పద్ధతి డిస్కుల్లో (తర్వాతి జవాబులో చెప్పిన ఎంబీఆర్) విండోస్ ఒక్కొక్క అక్షరానికి 12 బైట్ల గుర్తు రాసుకుంటుంది. అందులో మొదటి 4 బైట్లు డిస్కు సంతకం, అంటే ఆ డిస్కును గుర్తుపట్టే సంఖ్య, మిగిలిన 8 బైట్లు ఆ పార్టిషన్ డిస్కు మీద ఎక్కడ మొదలవుతుందో తెలిపే సంఖ్య. కేబుల్‌ను మదర్‌బోర్డులో మరో సాకెట్‌కు మార్చినా అక్షరం మారకపోవడానికి కారణం ఇదే. అయితే పార్టిషన్ సైజు మార్చే సాఫ్ట్‌వేర్‌తో డేటా పార్టిషన్ మొదలును ఎడమవైపుకో కుడివైపుకో జరిపితే ఆ సంఖ్య మారిపోయి, విండోస్ దాన్ని కొత్త పార్టిషన్‌గా భావించి వేరే అక్షరం ఇస్తుంది. కుడి చివరను మాత్రమే పెంచినా తగ్గించినా ఈ ఇబ్బంది రాదు.

ఇంకో మాట. అక్షరం ఏదైనా సరే, ప్రతి పార్టిషన్‌కూ ఒక లేబుల్ పెట్టండి. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి రీనేమ్ నొక్కి విన్7, విన్10, డీటీపీడేటా అని ఇచ్చుకుంటే, ఆ లేబుల్ పార్టిషన్‌లోనే ఉంటుంది కాబట్టి ఏ విండోస్ నుంచి చూసినా, లినక్స్ నుంచి చూసినా అదే కనిపిస్తుంది. మీ మెకానిక్ ఆ పని ముందే చేసి ఉంటే ఈ ఉత్తరం అవసరమే వచ్చేది కాదని నా అభిప్రాయం. విండోస్ 7కు భద్రతా అప్‌డేట్‌లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి కనుక, అందులో ఉన్నప్పుడు ఇంటర్నెట్ కేబుల్ తీసి పనిచేసుకోవడం మేలు. పెన్‌డ్రైవ్‌లో కస్టమర్లు తెచ్చే ఫైళ్లను కూడా ముందు విండోస్ 10లోనే స్కాన్ చేయండి.

ప్రశ్న: అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్నాను సార్. పాత డెస్క్‌టాప్‌లో విండోస్ పక్కన లినక్స్ మింట్ వేయబోతే ఇన్‌స్టాలర్‌లో సి, డి ఏవీ లేవు. ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2, ఆ తర్వాత ఏకంగా ఎస్‌డీఏ5, ఎస్‌డీఏ6 ఉన్నాయి. 3, 4 ఏమయ్యాయి? నేను ఖాళీ చేసి పెట్టుకున్న డ్రైవ్ ఏదో ఎలా తెలుసుకోవాలి? విండోస్‌లో అది 200 జీబీ, ఇక్కడ 200 జీబీది ఏదీ లేదు.

జవాబు: మీరు ఆగి అడగడం మంచి పని. ఊహించి నొక్కి ఉంటే విండోస్ పోయేది.

లినక్స్‌కు డ్రైవ్ అక్షరాలతో పని లేదు. ఎస్‌డీఏ అంటే అది చూసిన మొదటి డిస్కు, రెండోదైతే ఎస్‌డీబీ, చివరి అంకె పార్టిషన్ సంఖ్య. మీ డిస్కు ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంది. ఆ పద్ధతిలో డిస్కు మొట్టమొదటి 512 బైట్ల సెక్టార్‌లోనే పార్టిషన్ల పట్టిక ఉంటుంది. అందులో పట్టికకు దక్కింది 64 బైట్లు, ఒక్కొక్క వరుసకు 16 బైట్లు, వెరసి నాలుగే వరుసలు. నాలుగు పార్టిషన్లు చాలనప్పుడు ఒక వరుసను ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌గా మార్చి, దాని లోపల లాజికల్ పార్టిషన్లు చేసుకునే ఏర్పాటు తర్వాత వచ్చింది. 1 నుంచి 4 వరకు సంఖ్యలను పట్టికలోని ఆ నాలుగు వరుసల కోసమే లినక్స్ ఉంచుతుంది. అవి నిండినా నిండకపోయినా లాజికల్ పార్టిషన్ల లెక్క 5తోనే మొదలవుతుంది. మీ డిస్కులో ఎస్‌డీఏ2 అన్నది ఆ ఎక్స్‌టెండెడ్ పార్టిషనే అయి ఉంటుంది. 3, 4 వరుసలు ఖాళీగా ఉన్నాయి, అంతే. ఎస్‌డీఏ2ను తొలగిస్తే దాని లోపలి 5, 6 రెండూ పోతాయన్నది మాత్రం గుర్తుంచుకోండి.

సైజు తేడాకు కారణం లెక్క. విండోస్ 1,073,741,824 బైట్లను ఒక జీబీ అంటుంది. లినక్స్‌లోని చాలా ప్రోగ్రాములు నూరు కోట్ల బైట్లనే ఒక జీబీగా చూపిస్తాయి. విండోస్‌లో 200 జీబీ అని ఉన్న పార్టిషన్ ఇక్కడ సుమారు 215 జీబీగా కనిపిస్తుంది. మీ జాబితాలో ఆ సైజుది ఒక్కటే ఉంటే అదే మీది కావచ్చు, కానీ సైజును ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఇన్‌స్టాలర్‌ను మూసి, మళ్లీ విండోస్‌లోకి వెళ్లి ఆ ఖాళీ డ్రైవ్‌కు మింట్‌కోసం అని ఒక లేబుల్ ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టి, షట్‌డౌన్ చేసి, పెన్‌డ్రైవ్ నుంచి మింట్‌ను లైవ్‌గా (ఇన్‌స్టాల్ చేయకుండానే) నడిపి అందులోని డిస్క్స్ అనే ప్రోగ్రామ్ తెరవండి. లేబుల్, సైజు, ఎన్‌టీఎఫ్‌ఎస్ అన్న ఫైల్‌సిస్టమ్ (విండోస్ ఫైళ్లను అమర్చుకునే పద్ధతి) పేరు, ఈ మూడూ ఒకే వరుసలో కలిసినప్పుడే దాని సంఖ్యను కాగితం మీద రాసుకుని ఇన్‌స్టాలర్‌కు ఆ పార్టిషన్‌ను చూపించండి.

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు కూడా శాశ్వతం కావు. రెండు డిస్కులు ఉన్నచోట ఒక బూట్‌కూ మరో బూట్‌కూ అవి తారుమారు కావచ్చు. అందుకే ఇన్‌స్టాల్ అయ్యాక లినక్స్ పార్టిషన్ల జాబితా ఉంచుకునే తన ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఆ పేర్లకు బదులు యూయూఐడీ అనే పొడవైన గుర్తింపు సంఖ్యను రాసుకుంటుంది. ఆ సంఖ్య ఫార్మాట్ చేసినప్పుడు పార్టిషన్‌లోనే నమోదవుతుంది. మళ్లీ ఫార్మాట్ చేస్తే కొత్త సంఖ్య వస్తుంది కాబట్టి ఎఫ్‌స్టాబ్‌లోని పాత వరుస పనికిరాకుండా పోతుంది.

ప్రశ్న: రిటైరయ్యాక కాలక్షేపానికి లినక్స్ నేర్చుకుంటున్నాను, మల్కాజిగిరిలో ఉంటాను. పార్క్‌లేన్‌లో ఒక దుకాణంలో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ కొని విండోస్ 11, ఉబుంటూ వేయించుకున్నాను. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మొత్తం 476 జీబీయే చూపిస్తోంది. దుకాణంవారు మోసం చేశారా? అక్షరం లేని చిన్న పార్టిషన్లు రెండు ఉన్నాయి, వాటిని తొలగించి సి డ్రైవ్‌లో కలుపుకోవచ్చా?

జవాబు: దుకాణంవారి తప్పేమీ లేదండి. పై జవాబులో చెప్పిన లెక్కే ఇక్కడా వర్తిస్తుంది. 512 జీబీ అంటే 51,200 కోట్ల బైట్లు, వాటిని విండోస్ జీబీలోకి మారిస్తే 476 చిల్లరే వస్తుంది. 1 టీబీ డిస్కు 931 జీబీగా కనిపించేదీ ఇందువల్లే.

ఆ చిన్న పార్టిషన్ల జోలికి వెళ్లకండి. విండోస్ 11కు యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ పద్ధతి తప్పనిసరి కనుక మీ ఎస్‌ఎస్‌డీ, ఎంబీఆర్ స్థానంలో వచ్చిన జీపీటీ పద్ధతిలో ఉంది. జీపీటీలో మామూలుగా 128 పార్టిషన్ల వరకు చోటు ఉంటుంది, పట్టిక నకలు ఒకటి డిస్కు చివర కూడా ఉంటుంది. మీకు కనిపించిన వాటిలో ఒకటి ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్. విండోస్ తానే చేసుకుంటే అది సాధారణంగా 100 ఎంబీ ఉంటుంది, ఫాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే మదర్‌బోర్డు మొట్టమొదట వెతికేది దీనినే. ఇందులో మైక్రోసాఫ్ట్ పేరుతో ఒక ఫోల్డర్, ఉబుంటూ పేరుతో మరో ఫోల్డర్ పక్కపక్కనే ఉంటాయి. దీన్ని తొలగిస్తే 100 ఎంబీ కోసం రెండు సిస్టమ్‌లూ ఆగిపోతాయి. పొరపాటున ఎవరూ ఫైళ్లు చెరపకూడదనే విండోస్ దీనికి అక్షరం ఇవ్వదు. రెండోది రికవరీ పార్టిషన్. విండోస్ బూట్ కానప్పుడు వచ్చే రిపేర్ మెనూ అందులోనే ఉంటుంది. ఇవి కాక 16 ఎంబీల మైక్రోసాఫ్ట్ రిజర్వ్‌డ్ పార్టిషన్ ఇంకొకటి ఉంటుంది కానీ డిస్క్ మేనేజ్‌మెంట్ దాన్ని చూపించదు. ఉబుంటూలో లెక్కపెట్టినప్పుడు పార్టిషన్ ఒకటి ఎక్కువ వస్తే కంగారుపడకండి.

సి డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందేమో కూడా చూసుకోండి. విండోస్ 11 ఉన్న చాలా కంప్యూటర్లలో బిట్‌లాకర్ తరహా ఎన్‌క్రిప్షన్ మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బూట్ సెట్టింగులు మార్చినప్పుడు అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ముందే చూసుకుని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవడం మంచిది.

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. విండోస్‌తో పాటు లినక్స్ ఉంది. రెండు ఇబ్బందులు: విండోస్‌లో ఒక డ్రైవ్ మీద నొక్కితే వాడేముందు ఫార్మాట్ చేయాలని అడుగుతోంది. లినక్స్‌లో నా డేటా డ్రైవ్ తెరుచుకుంటోంది కానీ ఏ ఫైలూ సేవ్ కావడం లేదు.

జవాబు: మొదటిదానికి 'క్యాన్సిల్' నొక్కండి, ఎప్పుడైనా సరే. ఆ డ్రైవ్ మీ లినక్స్ పార్టిషనే. అందులోని ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్‌ను విండోస్ చదవలేదు, చదవలేనిదాన్ని ఖాళీ డ్రైవ్ అనుకుని ఫార్మాట్ చేయమంటుంది. ఇంట్లో పిల్లలెవరైనా ఒక్కసారి ఓకే నొక్కితే లినక్స్ మొత్తం పోతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇంతకుముందు చెప్పిన మెనూలోనే 'రిమూవ్' ఎంచుకుని ఆ అక్షరాన్ని తీసేయండి. దానివల్ల పార్టిషన్‌లోని ఒక్క ఫైలుకు కూడా నష్టం జరగదు, విండోస్‌కు అది కనిపించడం మాత్రమే ఆగిపోతుంది.

రెండోదానికి కారణం విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్. మనం షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగిపోకుండా తన కెర్నల్ (సిస్టమ్ మూలభాగం) స్థితిని డిస్కు మీద దాచి, మళ్లీ ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచి కొనసాగిస్తుంది. అప్పటి వరకు ఆ ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్లు ఇంకా విండోస్ చేతిలో ఉన్నట్టే లెక్క. మధ్యలో తాను మార్పులు చేస్తే డేటా పాడవుతుందని గ్రహించి, లినక్స్ వాటిని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. అది మీ మేలు కోరి చేస్తున్న పని, బలవంతంగా రాయించే మార్గాలు వెతకకండి. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీలో 'టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్' ఎదురుగా ఉన్న టిక్ తీసేయండి. ఆ టిక్ బూడిద రంగులో ఉండి కదలకపోతే, పైనున్న 'చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్' అన్న లైను ముందు నొక్కాలి. చిక్కడపల్లి పాఠకులు కూడా తమ విండోస్ 10లో ఈ పని తప్పక చేయాలి. లేకపోతే విండోస్ 7 బూట్ అయ్యేటప్పుడు డిస్కు చెక్ చేయాలంటూ నీలి తెర పదేపదే రావచ్చు.

ప్రశ్న: డ్రైవ్‌లు సితోనే ఎందుకు మొదలవుతాయి? ఎ, బి ఏమయ్యాయి? – తొమ్మిదో తరగతి విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆ రెండూ ఫ్లాపీ డ్రైవ్‌లవమ్మా. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో హార్డ్‌డిస్కు లేదు, ఒకటి రెండు ఫ్లాపీ డ్రైవ్‌లే ఉండేవి. 1983లో వచ్చిన పీసీ ఎక్స్‌టీలో 10 ఎంబీ హార్డ్‌డిస్కు పెట్టినప్పుడు తర్వాతి అక్షరం సి దానికి దక్కింది. ఫ్లాపీలు పోయినా అలవాటు పోలేదు. ఆ రోజుల్లో అక్షరాలను ఎక్కడా దాచుకునేవారు కాదు. విండోస్‌కు ముందు వాడిన డాస్ ప్రతిసారీ బూట్ అయ్యేటప్పుడు ముందు ఒక్కొక్క డిస్కులోని ప్రైమరీ పార్టిషన్‌కు, ఆ తర్వాతే లాజికల్ పార్టిషన్లకు వరుసగా అక్షరాలు పంచేది. అందుకని రెండో హార్డ్‌డిస్కు తగిలించగానే నిన్నటి డి ఈరోజు ఇ అయిపోయేది. మీ నాన్నగారి తరంలో కంప్యూటర్ నేర్చుకున్నవారిని అడిగి చూడు.

ప్రశ్న: లినక్స్ ఇక అవసరం లేదు. దాని పార్టిషన్ డిలీట్ చేసి ఆ చోటును డి డ్రైవ్‌లో కలుపుకోవచ్చా? – ఉప్పల్

జవాబు: కలుపుకోవచ్చు, కానీ ముందు బూట్ సంగతి చూసుకోండి. పాత ఎంబీఆర్ సిస్టమ్‌లో బూట్ మెనూ చూపించే గ్రబ్ అనే ప్రోగ్రామ్ తనకు కావలసిన ఫైళ్లను లినక్స్ పార్టిషన్‌లోనే ఉంచుకుంటుంది. ఆ పార్టిషన్‌ను తొలగించి రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద 'గ్రబ్ రెస్క్యూ' అన్న అక్షరాలు తప్ప ఇంకేమీ రావు. అందువల్ల మీ విండోస్ వెర్షన్ ఉన్న ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌ను ముందుగా సిద్ధం చేసుకుని, దాని రిపేర్ మెనూలోని కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్‌రెక్ ఫిక్స్ ఎంబీఆర్ ఆదేశం ఇచ్చి, విండోస్ నేరుగా బూట్ అవుతోందని చూసుకున్న తర్వాతే లినక్స్ పార్టిషన్‌ను తొలగించండి. యూఈఎఫ్‌ఐ సిస్టమ్ అయితే ఇంత శ్రమ లేదు, బయాస్ సెట్టింగుల్లో బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటికి తెస్తే సరిపోతుంది. ఖాళీ అయిన చోటు డి డ్రైవ్‌కు వెంటనే కుడివైపున ఉంటేనే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' పనిచేస్తుంది. ఎడమవైపున ఉంటే దాన్ని కలపడానికి డి డ్రైవ్ మొత్తాన్ని జరపాలి, అందుకు గంటల కొద్దీ సమయం పడుతుంది, మధ్యలో కరెంటు పోతే డేటా పోతుంది. అలాంటప్పుడు ఆ చోటును కొత్త డ్రైవ్‌గా ఫార్మాట్ చేసుకుని వాడుకోండి.